సముద్రపు పెచ్చు బ్రయోజోవాను గుర్తుపట్టి వర్ణించడం ఎలా: ఏరడం దగ్గర్నుంచి పేరు పెట్టేదాకా

ఆల్చిప్ప మీదో, పడవ అడుగునో, రాతి కిందో పలచగా అంటుకుని, వేలితో రుద్దితే గరుగ్గా తగిలే తెల్లటి లేదా నారింజ రంగు మచ్చని చాలామంది సున్నమనో పాచి అనో అనుకుని వదిలేస్తారు. నిజానికి అది చాలాసార్లు బ్రయోజోవా, అంటే కంటికి సరిగ్గా ఆనని చిన్న చిన్న జంతువులు కలిసి కట్టుకున్న కాలనీ. జువాలజీ విద్యార్థులు కూడా బ్రయోజోవా అంటే పరీక్షకి ముందు చదివే అరపేజీ అనే అనుకుంటారు. కానీ ఈ ఫైలంలో బతికున్న జాతులే ఆరు వేలకు పైగా ఉన్నాయి, మన బంగాళాఖాతం వైపు వీటిని పట్టించుకున్నవాళ్ళు మాత్రం తక్కువ. కాబట్టి విశాఖ, భీమిలి, కాకినాడ లాంటి చోట ఉండి, ఒక స్టీరియో మైక్రోస్కోప్ అందుబాటులో ఉన్నవాళ్ళు నిజంగా పనికొచ్చే పని చేయొచ్చు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. మొదటే ఒక మాట చెప్పేస్తాను, కింద రాసిందంతా దాని చుట్టూనే తిరుగుతుంది: మీరు పెట్టిన పేరు రేపు మారిపోవచ్చు, కానీ అస్థిపంజరాన్ని సరిగ్గా చూసి, కొలిచి రాసిన వర్ణన వందేళ్ళ తర్వాత కూడా పనికొస్తుంది. పేరు కోసం తొందరపడి వర్ణనని అరకొరగా వదిలేయొద్దు.

1. ముందు అది బ్రయోజోవానేనా?

పది రెట్లు పెద్దగా చూపించే చేతి లెన్సు చాలు. పెచ్చు మీద ఒకే ఆకారంలో, ఒకే సైజులో, ఇటుకల వరసలా పేర్చినట్టు చిన్న చిన్న గదులు కనిపిస్తే అది దాదాపు ఖాయంగా బ్రయోజోవా. ఒక్కో గది ఒక్కో జీవి, దాన్ని జూయిడ్ అంటారు, పొడవు మామూలుగా అర మిల్లీమీటరుకి అటూ ఇటూ. స్పంజికలో గదులుండవు, రంధ్రాలుంటాయి. కోరలైన్ ఆల్గేకి లెన్సు కింద గదుల నమూనా కనిపించదు. కాలనీలుగా పెరిగే అసిడియన్లు మెత్తగా, జిగురుగా ఉంటాయి. చుట్ట తిరిగిన చిన్న తెల్ల గొట్టాలైతే అవి పురుగులవి.

తర్వాత ఏ గుంపో తేల్చుకోవాలి. గదులు గొట్టాల్లా ఉండి, చివర గుండ్రంగా తెరుచుకుని, మూత లేకపోతే సైక్లోస్టోమ్. సున్నమే లేకుండా మెత్తటి పొరలా ఉంటే టీనోస్టోమ్. పెట్టెలా ఉన్న గది, దాని నోటికి తెరుచుకుని మూసుకునే మూత అంటే ఆపర్క్యులమ్ ఉంటే చీలోస్టోమ్. మన తీరంలో పెచ్చుల్లా దొరికేవాటిలో ఎక్కువ శాతం చీలోస్టోములే కాబట్టి ఇక్కణ్ణుంచి చెప్పేదంతా వాటి గురించే.

2. ఏరడం, రాసుకోవడం

విశాఖలో ఆటుపోట్ల తేడా పెద్ద పాటు రోజుల్లో కూడా సుమారు ఒకటిన్నర మీటరే, అందుకని ఆటుపోట్ల పట్టిక చూసుకుని అమావాస్య, పున్నమి దగ్గర పాటు వేళకి వెళ్ళాలి. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్ళపాలెం వైపు, యారాడ దగ్గర రాళ్ళున్నాయి. ఎండ తగిలే పైభాగం చూసి లాభం లేదు, రాయి అడుగు వైపు, నీడ పట్టున వెతకండి. తిప్పిన రాయిని మళ్ళీ అలాగే పెట్టేయండి, లేకపోతే దాని కింద బతికేవన్నీ ఎండకి చచ్చిపోతాయి. రాళ్ళకన్నా తేలిక దారి ఇంకోటుంది: మరపడవల్ని గట్టుకి ఎక్కించి అడుగు గీకేటప్పుడు అనుమతి తీసుకుని అక్కడ నిలబడితే, బార్నకిల్సూ ఆల్చిప్పలూ రాలిపడతాయి, వాటి మీద బోలెడు పెచ్చులుంటాయి. వలల్లో వచ్చిన ఖాళీ గవ్వలు కూడా మంచి సరుకే. పగడాల జోలికి మాత్రం పోవద్దు, వాటికీ కొన్ని రకాల గవ్వలకీ వన్యప్రాణి రక్షణ చట్టం వర్తిస్తుంది.

పెచ్చుని కత్తితో గీకి తీయకండి, ముక్కలైపోతుంది. దేనికి అంటుకుందో దానితో సహా తీసుకోవాలి. రాయి అయితే ఉలితో పలుచటి చెక్క లేపాలి. అక్కడే తడిగా ఉన్నప్పుడు స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి, ఎందుకంటే రంగు ఆల్కహాల్‌లో పోతుంది, మళ్ళీ రాదు. తేదీ, అక్షాంశ రేఖాంశాలు, లోతు, దేని మీద పెరిగింది, నీటి ఉప్పదనం, ఏరినవారి పేరు పెన్సిల్‌తో మందపాటి కాగితం మీద రాసి సీసా లోపలే వేయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. సీసా బయట అంటించిన లేబుల్ మీద నమ్మకం పెట్టుకోకండి.

3. భద్రపరచడం

ఒకే కాలనీని మూడు ముక్కలు చేసుకోండి. ఒకటి 95 శాతం ఇథనాల్‌లో, డీఎన్ఏ కోసం, మర్నాడు ఆల్కహాల్ ఒకసారి మార్చాలి. ఒకటి 70 శాతంలో. మూడోది కడిగి ఆరబెట్టాలి. మూడిటికీ ఒకే నంబరు వేయండి. ఫార్మలిన్ వాడొద్దనే నా సలహా: అది నిలవ ఉండే కొద్దీ ఆమ్లంగా మారి సున్నాన్ని తినేస్తుంది, మనకి కావలసింది ఆ సున్నమే, పైగా డీఎన్ఏ కూడా పాడవుతుంది.

బతికున్న కాలనీ దొరికితే గిన్నెలో శుభ్రమైన సముద్రపు నీళ్ళు పోసి కదపకుండా కాసేపు ఉంచండి. మూతలు తెరుచుకుని లోఫోఫోర్లు, అంటే టెంటకిల్స్ కుచ్చులు, బయటికొస్తాయి. టెంటకిల్స్ ఎన్నో లెక్కపెట్టండి, పిండాల రంగు, మూత రంగు రాసుకోండి. చచ్చిన నమూనా నుంచి ఈ సమాచారం రాబట్టడం చాలా కష్టం, కాబట్టి ఆ ఒక్క సాయంత్రం వేరే పనులు పెట్టుకోకండి.

4. బ్లీచ్

సున్నపు గోడల మీద ఉన్న పొర, మురికి పోతేనే అసలు లక్షణాలు బయటపడతాయి. బట్టలకి వాడే సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్‌ని సగం నీళ్ళు కలిపి పలచన చేసి, అందులో ముక్క వేసి, ప్రతి అరగంటకీ మైక్రోస్కోప్ కింద చూస్తూ ఉండాలి. మందపాటివాటికి కొన్ని గంటలు పట్టొచ్చు, పలచటివి త్వరగా విడిపోతాయి. గాలి ఆడేచోట చేయండి, యాసిడ్‌తో గానీ అమ్మోనియాతో గానీ పొరపాటున కూడా కలపకండి, విషవాయువు వస్తుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదు సార్లు కడగాలి, లేకపోతే ఎస్ఈఎం (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కింద ఉప్పు స్ఫటికాలు కనబడి అవే ముళ్ళని భ్రమపడతారు.

ఇక్కడే చాలామంది దెబ్బతినే విషయం ఉంది. బ్లీచ్ సున్నాన్ని మాత్రమే మిగులుస్తుంది. కైటిన్‌తో తయారైన మూతలు, ఏవిక్యులేరియంల (పక్షి ముక్కులా దవడ ఉండే ప్రత్యేక జూయిడ్ల) దవడలు, ముందు పొర అన్నీ పోతాయి. ఒక ఉదాహరణ చూడండి. 1869లో ఫెర్డినాండ్ స్టోలిచ్కా, కలకత్తా దగ్గర పోర్ట్ కానింగ్ ఉప్పుటేటి నీళ్ళలో దొరికిన పెచ్చుని మెంబ్రానిపోరా బెంగాలెన్సిస్ అని వర్ణించాడు. ఆయన వృత్తికి జియాలజిస్టు, జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసేవాడు. అదే జాతి తర్వాత ఎలెక్ట్రా ప్రజాతిలోకి వెళ్ళి, 2010లో వచ్చిన అర్బోపెర్క్యులా అనే కొత్త ప్రజాతిలో చేరింది. ఈ ప్రజాతిని పట్టించే గుర్తు ఆపర్క్యులమ్ మీదే ఉండే ముళ్ళు. మొత్తం నమూనాని బ్లీచ్‌లో వేసేస్తే మూతతోపాటు ఆ గుర్తు కూడా కొట్టుకుపోయి మీకు ఏదో మామూలు ఎలెక్ట్రా మిగులుతుంది. కాబట్టి బ్లీచ్ చేయని ముక్క ఒకటి ఎప్పుడూ ఉంచుకోవాల్సిందే.

5. ఏం చూడాలి, ఏ వరసలో

మొదటి ప్రశ్న: జూయిడ్ ముందు భాగం పొరతో ఉందా, సున్నపు కవచంతో ఉందా? జూయిడ్ టెంటకిల్స్‌ని బయటికి నెట్టడానికి లోపలి ద్రవం మీద ఒత్తిడి పెంచాలి. పాత పద్ధతిలో ముందు పొరని కండరాలు లోపలికి లాగుతాయి, ఒత్తిడి పెరిగి లోఫోఫోర్ బయటికొస్తుంది. వీటిలో బ్లీచ్ తర్వాత పెద్ద కిటికీ మిగులుతుంది, అదే ఒపీసియా. కవచం ఉన్నవాటిలో గట్టి సున్నం వంగదు కదా, అందుకని కవచం కింద ఒక సంచి ఉంటుంది, దాన్ని ఆస్కస్ అంటారు. పొర కిందికి వంగినప్పుడు అందులోకి బయటి నీళ్ళు రావాలి. ఆ నీళ్ళు వచ్చే దారి ఎక్కడుందనేదే ప్రజాతుల్ని విడదీసే పెద్ద లక్షణం: స్కిజోపోరెల్లాలో నోటి కింది అంచున ఒక నొక్కు, అంటే సైనస్ ఉంటుంది. మైక్రోపోరెల్లాలో నోటి కింది అంచు తిన్నగా ఉండి, దానికి కాస్త కింద విడిగా ఆస్కోపోర్ అనే రంధ్రం ఉంటుంది. ఈ పని ఏమిటో అర్థమైతే నోటి ఆకారానికి ఎందుకంత ప్రాముఖ్యం ఇస్తారో ఇక గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

పొర ఉన్న రకమైతే: ఒపీసియా చుట్టూ ముళ్ళున్నాయా, ఎన్ని, ఎక్కడ? దాని కింద సున్నపు అర ఎంత వరకు వచ్చింది? పైకి కనిపించే నున్నటి సున్నం జిమ్నోసిస్ట్, పొర కిందుండే గరుకు సున్నం క్రిప్టోసిస్ట్, ఈ రెండూ కలిపేయకండి. కవచం ఉన్న రకమైతే: కవచమంతా చిన్న రంధ్రాలా, లేక అంచుల వెంట మాత్రమేనా? నోటి లోపల కింది అంచున పన్నులాంటిది నిలబడి ఉందా? ఉంటే అది లైరులా, స్మిట్టినా బంధువుల వైపు వెళ్ళండి. నోటికి రెండు పక్కలా మూత ఆనుకునే కాండైల్స్ ఉన్నాయా? వీటికోసం నమూనాని వంచి చూడాలి, నిట్టనిలువుగా చూస్తే చాలాసార్లు కనపడవు.

తర్వాత ఏవిక్యులేరియంలు: ఎక్కడ పుట్టాయి, ఒంటరా జంటా, దవడ కోసుగా ఉందా గుండ్రంగా ఉందా, ఎటు తిరిగింది. కాలనీలో ప్రతి జూయిడ్‌కీ ఉండాలని లేదు, కొన్ని జాతుల్లో ఎక్కడో అక్కడ మాత్రమే కనిపిస్తాయి. తర్వాత ఓవిసెల్, అంటే పిండాన్ని దాచే బుడిపె: ఉపరితలం, రంధ్రాలు, మూత దాన్ని మూస్తుందా లేదా. ఓవిసెల్ కనబడలేదంటే ఆ జాతికి లేదని కాదు, అది గుడ్లు పెట్టే కాలం కాకపోయి ఉండొచ్చు. ‘లేదు’ అని రాసేముందు కాలనీ అంతా, వీలైతే వేర్వేరు నెలల్లో ఏరిన కాలనీల్లో చూడాలి.

చివరగా ఆన్సెస్ట్రూలా, అంటే లార్వా అంటుకుని మారిన మొదటి జూయిడ్. కాలనీ మధ్యలో ఉంటుంది, పెద్ద కాలనీల్లో మీద ఏదో పెరిగి కప్పేస్తుంది, అందుకే చిన్న కాలనీలు కూడా ఏరాలి. దీనికోసం ఎంత సమయం పెట్టినా వృథా కాదు: మెంబ్రానిపోరాలో ఇది జంటగా ఉంటుంది, ఎలెక్ట్రాలో ఒక్కటే. పైకి ఒకేలా కనిపించే రెండు పలచటి పెచ్చుల్ని ఈ ఒక్క లక్షణమే విడదీసేస్తుంది.

6. కొలతలు

ఐపీస్ మైక్రోమీటరుతో గానీ ఫొటో మీద సాఫ్ట్‌వేర్‌తో గానీ కొలవొచ్చు, కానీ స్టేజ్ మైక్రోమీటరుతో సరిచూసుకోకుండా మొదలుపెట్టొద్దు. జూయిడ్ పొడవు, వెడల్పు, నోటి పొడవు, వెడల్పు, ఓవిసెల్, ఏవిక్యులేరియం, ఇవి కనీసం. ఒక్కోదానికి ఇరవై ముప్ఫై కొలతలు, ఒకే కాలనీ నుంచి కాకుండా మూడు నాలుగు కాలనీల నుంచి. ఆన్సెస్ట్రూలా దగ్గరి చిన్న జూయిడ్లని కలపకండి, అవి తరం తరానికీ పెరుగుతూ పోయి తర్వాతే ఒక సైజు దగ్గర స్థిరపడతాయి. గాయపడి మళ్ళీ పెరిగిన చోటు, రెండు కాలనీలు ఢీకొన్న అంచు కూడా వదిలేయండి. పాత జూయిడ్ల మీద సున్నం పేరుకుని రంధ్రాలూ నోరూ కప్పుకుపోతాయి కాబట్టి పెరుగుతున్న అంచు దగ్గరివీ మధ్యలోవీ పక్కపక్కనే పెట్టి వర్ణించాలి. ఈ రెండు దశల్ని రెండు జాతులుగా రాసిన సందర్భాలు ఈ రంగంలో కొత్త కాదు.

సగటు ఒక్కటే రాస్తే సరిపోదు. కనిష్ఠం, గరిష్ఠం, సగటు, ప్రామాణిక విచలనం, ఎన్ని కొలిచారో, ఎన్ని కాలనీలో, అన్నీ ఇవ్వండి. ఉదాహరణకి వేసిన అంకెలతో ఇలా ఉంటుంది: జూయిడ్ పొడవు 0.45–0.60 మి.మీ., సగటు 0.52, విచలనం 0.04, 4 కాలనీల నుంచి 30 జూయిడ్లు.

ఎస్ఈఎం చేయించగలిగితే బ్లీచ్ చేసిన ముక్కని కార్బన్ టేప్ మీద పెట్టి బంగారం పూత వేయిస్తారు. మొత్తం కాలనీ, కొన్ని జూయిడ్లు, నోరు దగ్గరగా, ఓవిసెల్, ఏవిక్యులేరియం, ఆన్సెస్ట్రూలా, ప్రతి దానికీ ఒక ఫొటో, ప్రతి ఫొటోలో స్కేల్ బార్. యంత్రం దగ్గర సమయం దొరకడమే కష్టం, కాబట్టి ఏ కోణంలో ఏం కావాలో ముందే కాగితం మీద రాసుకుని వెళ్ళండి, అక్కడికెళ్ళాక ఆలోచిద్దామంటే కుదరదు.

7. పేరు దగ్గరికి రావడం

కీ, అంటే లక్షణాలని బట్టి అంచెలంచెలుగా గుర్తుపట్టే పట్టిక, పట్టుకుని ప్రజాతి దాకా రావడం ఓపిక ఉంటే కష్టం కాదు. జాతి దగ్గరే అసలు టెన్షన్. మన తీరపు పాత జాబితాల్లో యూరప్ జాతుల పేర్లు చాలా కనిపిస్తాయి, ఎందుకంటే అప్పట్లో చేతిలో ఉన్న పుస్తకాలు అవే. మెంబ్రానిపోరా మెంబ్రనేసియా 1767లో లిన్నేయస్ పెట్టిన పేరు, అది చల్లటి సముద్రాల్లో కెల్ప్ ఆకుల మీద పెరిగే జాతి. మన బంగాళాఖాతంలో కెల్ప్ లేదు. పలచటి పెచ్చు కనిపించగానే ఆ పేరు రాసేసేముందు పదిసార్లు ఆలోచించాలి. ‘ప్రపంచమంతా ఉండే జాతి’ అని ఎక్కడైనా చదివితే నాకైతే ముందు అనుమానమే వస్తుంది: నిజంగా ఓడల అడుగున ప్రయాణించి ఉండొచ్చు, లేదా నాలుగైదు జాతులకి ఒకే పేరు తగిలించి ఉండొచ్చు.

వాటర్సిపోరా కథ ఇందుకు మంచి పాఠం. రేవుల్లో ఎర్రటి, నారింజ పెచ్చులా, నల్లటి మూతలతో కనిపిస్తుంది, పడవలకి పూసే రాగి పెయింటుని కూడా తట్టుకుంటుంది. దీనికి ఏవిక్యులేరియంలు లేవు, ఓవిసెల్స్ లేవు, ముళ్ళు లేవు, అంటే జాతుల్ని విడదీయడానికి మామూలుగా వాడే ఆయుధాలేవీ లేవు. నోరు, సైనస్, కాండైల్స్, కవచం రంధ్రాల మీదే ఆధారపడాలి. డోర్బిన్యీ 1852లో రియో డి జనీరో నుంచి వర్ణించిన సబ్‌టార్క్వాటా అనే పేరుని చాలా దేశాల రేవుల్లో వాడేశారు. 2014లో వియెరా, స్పెన్సర్ జోన్స్, టేలర్ మ్యూజియంలలోని పాత నమూనాలని తిరిగి పరిశీలించాక, ఆ పేరుతో చలామణి అయినవాటిలో చాలా భాగం ఆర్ట్‌మన్ 1890లో జపాన్ నుంచి వర్ణించిన సబాట్రా అని తేలింది. ఏళ్ళ తరబడి రాసిన రికార్డుల్లో ఫొటో, కొలత, భద్రపరిచిన నమూనా ఉన్నవాటినే సరిదిద్దగలం, పేరు మాత్రమే రాసినవాటిని ఇప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు.

కాబట్టి పద్ధతి ఇది. ప్రజాతి తేలాక, ఆ ప్రజాతిలోని జాతులన్నిటి జాబితా ప్రపంచ సముద్ర జాతుల ఆన్‌లైన్ రిజిస్టర్ నుంచి తీయండి. హిందూ మహాసముద్రం, పసిఫిక్ పశ్చిమ భాగం వాటితో మొదలుపెట్టి ఒక్కోదాని అసలు వర్ణన, తర్వాత వచ్చిన పునర్వర్ణన తెచ్చుకోండి. ఒక పట్టిక గీసి, అడ్డంగా లక్షణాలు, నిలువుగా జాతులు, మీ నమూనా మొదటి వరసలో. టైపు నమూనా (జాతి పేరుకి ఆధారంగా ఉంచిన నమూనా) ఎస్ఈఎం ఫొటో ప్రచురితమై ఉంటే దానితోనే పోల్చాలి, ఎవరో గీసిన రేఖాచిత్రంతో కాదు. డీఎన్ఏకి సీఓఐ జన్యువు ఎక్కువగా వాడతారు, కానీ డేటాబేస్‌లో ఉన్న సీక్వెన్సు పక్కన రాసిన పేరు కూడా ఎవరో ఒకరు గుర్తుపట్టిందే కదా, ఆ పేరు తప్పైతే మీదీ తప్పే.

8. వర్ణన రాయడం

వరస ఇలా పెట్టుకోండి: పరిశీలించిన నమూనాలు, క్లుప్త లక్షణాలు, పూర్తి వర్ణన, కొలతల పట్టిక, పోలిక, ఆవాసం. పూర్తి వర్ణన కాలనీతో మొదలై, జూయిడ్, కవచం, నోరు, ముళ్ళు, ఏవిక్యులేరియం, ఓవిసెల్, ఆన్సెస్ట్రూలా దాకా పెద్దది నుంచి చిన్నదానికి పోవాలి. ‘అందమైన’, ‘చాలా పెద్ద’ లాంటి మాటలు కొట్టేయండి. ‘నోరు పెద్దది’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు, ‘నోరు వెడల్పు కన్నా పొడవు ఎక్కువ, సైనస్ వెడల్పు నోటి వెడల్పులో మూడో వంతు’ అంటే తెలుస్తుంది. కనిపించనివి కూడా రాయాలి: ఆన్సెస్ట్రూలా దొరకకపోతే ‘చూడలేదు’ అనండి, ‘లేదు’ అనకండి, రెండిటికీ చాలా తేడా ఉంది.

పోలిక భాగమే వ్యాసానికి ప్రాణం. దగ్గరి జాతులు ఒక్కోదానితో మీ నమూనా ఏ లక్షణంలో, ఎంత తేడాగా ఉందో చెప్పాలి. తేడా కొలతల్లో మాత్రమే ఉండి, రెండిటి పరిధులు కలిసిపోతుంటే కొత్త జాతి ఆలోచన పక్కన పెట్టండి.

నిజంగానే కొత్తదని తేలితే అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి పాటించాలి. కొత్త జాతి అని స్పష్టంగా ప్రకటించాలి, మిగతావాటి నుంచి విడదీసే లక్షణాలు మాటల్లో ఇవ్వాలి, ఒక హోలోటైపుని, అంటే ఆ పేరుకి ఆధారమయ్యే ఒకే ఒక్క నమూనాని, ఎంచి అది ఏ సంస్థలో ఉందో రాయాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే, ప్రచురణకి ముందే జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టరైన జూబ్యాంక్‌లో నమోదు కావాలి, ఆ ఆధారం వ్యాసంలోనే కనిపించాలి. జాతి పేరు విశేషణమైతే ప్రజాతి లింగానికి తగ్గట్టు మారాలి. ఎవరి పేరైనా పెట్టొచ్చు గానీ సొంత పేరు పెట్టుకుంటే నవ్వుతారు. తర్వాత ఎవరైనా జాతిని వేరే ప్రజాతికి మారిస్తే, మొదట వర్ణించినవారి పేరూ సంవత్సరమూ బ్రాకెట్లలోకి వెళ్తాయి, ఇందాకటి బెంగాలెన్సిస్ పక్కన ఇప్పుడు స్టోలిచ్కా, 1869 అని బ్రాకెట్లలో రాసేది అందుకే.

మన దేశంలో ఇంకో బాధ్యత ఉంది. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం కొత్తగా కనుగొన్న జాతి గురించి గుర్తింపు పొందిన భాండాగారానికి తెలియజేసి, నమూనాలు అక్కడ జమచేయాలి. జంతువుల విషయంలో కోల్‌కతా కేంద్రంగా ఉన్న జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటి సంస్థ, సముద్ర జీవులకి గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కూడా. నమూనాని విదేశీ నిపుణులకి పంపాలనుకుంటే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నియమాలు ముందే చూసుకోండి, కొరియర్ చేశాక చూసుకుంటే ఆలస్యమైపోతుంది.

జాతి తేలకపోతే? ప్రజాతి పేరు రాసి పక్కన ‘జాతి అనిశ్చితం’ అని పెట్టి, ఫొటోలు, కొలతల పట్టిక, నమూనా నంబరుతో సహా ప్రచురించండి. వాటర్సిపోరాని సరిదిద్దినట్టే రేపు ఎవరో వచ్చి మీ సీసా తెరిచి, మూత కింద కాండైల్ చూసి పేరు పెట్టుకుంటారు, వాళ్ళకి కావాల్సింది ఆ సీసాలో చెరగని లేబులూ, బ్లీచ్ చేయని ఆ ఒక్క ముక్కా.